వెన్న రాసిన ఊరు

విజయదశమి

బండి నడిచింది. బ్రేకు పట్టింది.

ఈ పుస్తకంలో రోజూ రాయాల్సింది ఆ రెండు ముక్కలే. నాకు ముందు బ్రేకు చూసిన సన్నాసయ్య బతికినన్నాళ్లూ ఆ రెండు ముక్కలే రాసి హాయిగా పోయాడు. నాకంత బుద్ధి లేదు. కొండవాలు మీద బండి కింది స్టేషన్లో ఆగాక తాడుతో తిరిగి పైకి లాగేదాకా ఊరికే కూర్చోవాలి. ఊరికే కూర్చుంటే నాకు మనుషుల మీద కోపం వస్తుంది. అందుకని రాస్తాను.

ఇవాళ ఆయుధపూజ. వాలుపేటలో మెట్టుమెట్టుకీ, అంటే కొండ మీద ఇళ్ల వరసవరసకీ, పండగే. పొద్దున్నే ఆడవాళ్లు వెన్నశాల ముందు గిన్నెలతో బారులు తీరారు. తలా ఒక చెంచా వెన్న. కుట్టుమిషనుకి, తలుపు బందులకి, నీళ్ల మోటారుకి కుంకుమ పెట్టి, దాని పక్కన వెన్న బొట్టు. నేను బండి ఇరుసులకి ఉంగరం వేలితో రాశాను. మధ్యాహ్నానికల్లా అది తనంతట తనే పాకి, ఇరుసు మీద దుమ్మంతా తినేసి, అద్దంలా తయారైంది. పేరుకే వెన్న, నిజానికి వెన్నశాలలో పెంచే ప్రాణమున్న చమురు మరి. ఒకసారి పెడితే ఏళ్లతరబడి ఉంటుంది. లోయలో ఉన్న నీళ్లు ఇంత ఎత్తుకి ఎక్కుతున్నాయంటే దాని చలవే. సముద్రం పాత ఊళ్లని మింగాక ఈ కొండవాలు మీద మనుషులు బతకగలిగింది కూడా దాని చలవే.

అందుకే మా ఊళ్లో చప్పుడంటే నామోషీ. ఎవరి తలుపైనా కిర్రుమంటే పక్కింటావిడ గిన్నెతో వచ్చేస్తుంది, మీ తలుపు ఏడుస్తోంది వదినా అని నవ్వుతూ. కొత్త పెళ్లికూతురి సారెలో వెన్న బరిణె లేకపోతే అత్తారింట్లో ఏడాదంతా అదే కథ.

వెన్న తగలకూడని చోటు ఊరు మొత్తం మీద ఒక్కటే, నా బ్రేకు దిమ్మలు. బండి కిందికి దిగేటప్పుడు పట్టాల్ని గట్టిగా కరుచుకుని ఆపేవి అవే. దసరానాడు భక్తి ముదిరినవాళ్లు వాటికీ బొట్టు పెట్టేస్తారని, కర్ర పట్టుకుని కాపలా కూర్చుంటాను.

మా అమ్మాయి మంగవేణికి నెలలు నిండాయి. కాపురం పై మెట్టులోనే, మా ఇంటి పక్కనే. అల్లుడు గౌరు బండి తాడు చుట్టే చక్రం దగ్గర పనిచేస్తాడు. కాన్పు చేసే నర్సు ఎస్తేరమ్మ ఉండేది కింది మెట్టులో. మధ్యలో దారి అంటే నా బండి, లేదా కొండకి చెక్కిన మెట్లు. అందుకని ఈ నెల నాకు బ్రేకు మీద ఉన్న భక్తి దుర్గమ్మ మీద కూడా లేదు. తల్లీ, తప్పు క్షమించు.

ఆశ్వయుజ పౌర్ణమి

బండి నడిచింది. బ్రేకు పట్టింది, కాస్త ఆలస్యంగా.

ఊళ్లో ఎక్కడ చూసినా గలగల. కిటికీలు, బీరువాలు, కుర్చీలు, అన్నీ. నిన్న మా కిటికీ మేకు ఒకటి ఊడి అన్నం గిన్నెలో పడింది. ఇంటింటా మరలు వాటంతట అవే తిరిగి ఊడి వస్తున్నాయి. చప్పుడు వస్తే మా వాళ్లేం చేస్తారు? సిగ్గుపడి, పండగ మిగులు వెన్న తెచ్చి దట్టంగా రాస్తారు. రాసిన మర్నాడు ఇంకో రెండు మరలు ఊడతాయి. మళ్లీ రాస్తారు.

చీర కుచ్చిళ్లు నిలవడం లేదు. పిన్ను పెడితే పిన్నే జారిపోతోంది. గౌరు పంచె పొద్దున్న చక్రం దగ్గర ఊడిపోతే మంగవేణి పగలబడి నవ్వింది. నేను కూడా నవ్వాను, అత్తనన్న సంగతి మర్చిపోయి. ఆ తరవాత ఈ పుస్తకం తెరిచి పెన్సిలు పెడితే గీత పడలేదు. కాగితం మీద మంచు ముక్కలా జారిపోయింది. ఇప్పుడు పుల్ల సిరాలో ముంచి రాస్తున్నాను. నవ్వు అక్కడే ఆగిపోయింది.

బహుళ తదియ

బండి నడిచింది. బ్రేకు పట్టింది, కానీ ఆగాల్సిన చోటు దాటి పోయాక.

బండి స్టేషను దాటి ముందుకు పోయి నిలబడింది. లోపలున్నవాళ్లు ఏదో సరదా అనుకున్నారు. నేను మాత్రం వాళ్లు దిగగానే బండి కిందికి దూరాను. దిమ్మలు విప్పి చూస్తే రెండింటి మీదా అదే మెరుపు. ఎవరూ రాయలేదు. అదే వచ్చింది.

వెన్నశాల ఇంజనీరు సుభద్రగారు వచ్చి ఒక దిమ్మ పట్టుకెళ్లారు. నెమ్మదైన మనిషి, దాపరికం లేదు. ఇన్నాళ్లూ ఇనుము మీదే బతికిన వెన్న ఇప్పుడు చెక్క మీద, నూలు మీద, చర్మం మీద కూడా బతకడం నేర్చుకుందని చెప్పారు. తప్పు తమదేనని, కొత్త రకం పెంచినప్పుడు సరిగా చూసుకోలేదని కూడా ఒప్పుకున్నారు. ఇకమీదట ఎవరూ ఒక్క చుక్క కూడా రాయకూడదని మెట్టుమెట్టుకీ చాటింపు వేయించారు.

విన్నవాళ్లు ఎంతమంది? మా ఎదురింటి ఆదిలక్ష్మి చాటింపు విని తలూపి, లోపలికెళ్లి తలుపు బందుకి గుట్టుగా రాసుకుంది. ఇల్లు గలగలలాడుతుంటే నలుగురూ ఏమనుకుంటారని అడిగింది. మీ ఇంట్లో తలుపులు ఊడిపోతే ఏమనుకుంటారో ముందు అది ఆలోచించమన్నాను. మాట్లాడటం మానేసింది. ఒక మాట ఎక్కువే అన్నాను, కానీ వెనక్కి తీసుకోను.

బహుళ షష్ఠి

బండి ఒక్కసారే నడిచింది. బ్రేకు గురించి రాయబుద్ధి కావడం లేదు.

అన్నం ముద్ద వేళ్లలో నిలవడం లేదు. పుల్ల కూడా జారిపోతుంటే వేలే సిరాలో ముంచి రాస్తున్నాను. ఊరంతా గంజి చేసుకుని గిన్నె రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని తాగుతోంది. అది కూడా జారిపోతుంది. నడవాలంటే గోడ పట్టుకోవాలి, గోడ కూడా నున్నగానే ఉంది. మెట్ల మీద దిగాలంటే కూర్చుని, ఎటు పోతామో తెలియకుండా పోవడమే. పడి దెబ్బలు తగలనివాడు లేడు. మా వీధిలో పెద్దవాళ్లంతా మంచం దిగడం మానేశారు.

కింది మెట్టులో ఒకతనికి కత్తి జారి చెయ్యి తెగింది. ఎస్తేరమ్మ కుట్లు వేస్తే ముడి నిలవలేదు. మళ్లీ వేసింది, మళ్లీ జారింది. దారం కూడా పోగు పోగుగా విడిపోయిందట. దారం అంటే ఏముంది, పోగుల్ని మెలితిప్పితే ఒకదాన్నొకటి పట్టుకుని ఉండటమే కదా. ఆ పట్టు పోయాక అది ఉత్త దూదే. చివరికి గరిటె ఎర్రగా కాల్చి అంటించి రక్తం ఆపిందట. అతను బతికాడు.

ఈ సంగతి మంగవేణి చెవిన పడకూడదని నేను అనుకున్నాను. మా ఊళ్లో ఏ మాట ఎవరి చెవిన పడకుండా ఉంది కనుక. సాయంత్రం అది మంచం మీద పక్కకి తిరిగి పడుకుని, పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. ఆ తరవాత అడిగింది.

"అమా, నాకు కుట్లు పడితే ఏటవుతాది?"

కుట్లు పడవని చెప్పాను. నువ్వు నా కడుపున పుట్టినప్పుడు నాకూ పడలేదని చెప్పాను. అది నిజమే. కానీ దానికీ దీనికీ సంబంధం లేదని ఇద్దరికీ తెలుసు. బిడ్డ బొడ్డు ఎలా కడతారని అది అడగలేదు. నేను మాత్రం అదే ఆలోచిస్తూ కూర్చున్నాను. నాకు భయంగా ఉంది. ఇక్కడ రాసుకోకపోతే ఇంకెక్కడ చెప్పుకోను?

బహుళ దశమి

బండి ఆపేశాను.

నేను తప్ప మనుషులు లేకుండా ఇసుక బస్తాలు వేసి ఒకసారి దింపి చూశాం. పై మలుపు దగ్గరే మోచెయ్యి దూర్చి బ్రేకు లాగాను, ముందుగానే. దిమ్మలు పట్టాల్ని కరుచుకున్నాయి, కరుచుకున్నట్టే ఉన్నాయి, బండి మాత్రం వేగం అందుకుంటూనే ఉంది. ఆ మలుపు దాటకముందే దూకేసి, గట్టు మీద మోచేతులతో పాకుతూ పైకి వచ్చాను, అందుకే ఇది రాయగలుగుతున్నాను. బండి కింది స్టేషను గోడలోకి దూరిపోయింది. బస్తాలు చిట్లి ఇసుక స్టేషనంతా పరుచుకుంది. ఆ బస్తాల స్థానంలో మనుషులుండాల్సింది.

పాత బండి ఒకటి పైన షెడ్డులో ఉంది. గౌరు సాయంత్రం దాని గురించే వచ్చాడు. దిమ్మల్ని కొలిమిలో ఎర్రగా కాల్చి బిగిస్తే, మళ్లీ వెన్న పాకేలోపు ఒక్క దిగువ ప్రయాణానికి పనికొస్తాయని అతని ఆశ. మంగవేణిని ఇప్పుడే దింపేస్తే నొప్పులు వచ్చే వేళకి ఎస్తేరమ్మ దగ్గరే ఉంటుంది. చెడ్డ ఆలోచన కాదు. పెళ్లాం మీద ప్రేమ ఉన్నవాడు చేసే ఆలోచనే.

"ఒక్కపాలికి పడతాది అత్తా. ఒక్కపాలే."

"పడకపోతే?"

"నాను కూడా బండిలోనే ఉంటాను గదా."

నువ్వుంటే దానికి బ్రేకు పడుతుందా అని అడిగాను. ముగ్గురూ పోతే ముసలిదాన్ని, నేనొక్కదాన్నీ ఏం చెయ్యను అని కూడా అన్నాను. గౌరు కళ్లు తుడుచుకుందామనుకున్నాడు, చేతికి కన్నీరు అంటలేదు. అలాగే వెళ్లిపోయాడు. పాత బండి బ్రేకు పిడి ఊడదీసి నా మంచం కింద పెట్టుకున్నాను. నా కూతుర్ని నేనే ఆపుతున్నాను. తప్పో ఒప్పో నాకే తెలియడం లేదు.

బహుళ ద్వాదశి

బండి లేదు.

సుభద్రగారు ఫోను చేశారు. బాగా వేడి చేస్తే వెన్న చస్తోందట. వేయించిన ఇసుక నేల మీద చల్లితే, మళ్లీ వెన్న పాకేదాకా కాసేపు కాలు నిలుస్తోంది. కాల్చిన ఇటుక కూడా అంతే. మరి మనుషుల సంగతేమిటని అడిగాను. చర్మాన్ని కాల్చుకోలేం కదా పైడమ్మగారూ అన్నారు. ఒంటి మీద చేరినదానికి మందు లేదు, ఇప్పటికి లేదు.

ఆ తరవాత ఆవిడ ఆగి ఆగి ఇంకొకటి చెప్పారు. కడుపులో బిడ్డకి అది చేరి ఉండదని ఆవిడ నమ్మకం. బిడ్డ శుభ్రంగా పుడుతుంది. మనం ముట్టుకునేదాకా శుభ్రంగానే ఉంటుంది. ఉడకబెట్టిన గుడ్డలతోనే తీసుకుని, ఉడకబెట్టిన గుడ్డలతోనే పెంచగలిగితే, ఈ ఊళ్లో చేతులకి పట్టున్న మనిషి ఒకరైనా మిగులుతారు అని.

ఎన్నాళ్లు అలా పెంచాలని అడిగాను. తెలియదన్నారు. పాలు ఎలా అని అడిగాను. ఆవిడకి పిల్లల్లేరు. 

ఫోను పెట్టి చూస్తే మంగవేణి గుమ్మంలో కూర్చుని ఉంది. అంతా విన్నది.  ఇద్దరం గంజి తాగి పడుకున్నాం.

నరక చతుర్దశి

బండి లేదు, పండగ మాత్రం వచ్చింది. ఏటా ఈ రోజు తెల్లారకుండానే మంగవేణి ఒంటికి నూనె పట్టించి తలంటు పోసేదాన్ని. ఈ ఏడు నూనె పేరెత్తితే జనం కొట్టేలా ఉన్నారు.

స్నానాల వేళకే మంగవేణికి నొప్పులు మొదలయ్యాయి. గౌరు నా మంచం కింద బ్రేకు పిడి కోసం వెతికాడు. దొరికింది కూడా. దాన్ని మోచేతులతో గుండెకి అదుముకుని నా ముందు నిలబడి, ఇస్తావా చెప్పు అన్నట్టు చూశాడు. చేతిలో ఉన్నది నన్ను అడగడం ఏమిటి? అతనికీ భయమే. తలుపు దగ్గర అడ్డంగా కూర్చుని, బండి కదలదు, ఎస్తేరమ్మే పైకొస్తుంది అన్నాను. ఎలా అన్నాడు. మెట్లెక్కి అన్నాను. అనడమైతే అన్నాను.

ఎస్తేరమ్మకి ఫోను చేశాను. ఆవిడకి యాభై దాటాయి, మోకాళ్ల నొప్పులు.  దారి చెయ్యండి అప్పా, నాను వత్తాను అంది.

గౌరు గుమ్మంలో కూర్చుని కింది ఇంటికి కేక వేశాడు. ఆ ఇంటివాళ్లు వాళ్ల కింది ఇంటికి. మాట అలా దిగుతూ పోయింది: మంగలాలు తియ్యండి, ఇసుక వేయించండి, ఎవరి గుమ్మం ముందు మెట్లు వాళ్లవే. మా ఊళ్లో శనగలు ఇసుకలో వేయించుకోని ఇల్లు లేదు, మంగలం లేని వంటిల్లు లేదు. అమాసకీ పున్నానికీ తప్ప తియ్యనివాళ్లు కూడా పొయ్యి మీద ఎక్కించారు. ఆదిలక్ష్మి తన కరెంటు పొయ్యిని గుమ్మంలోకే లాక్కుని వచ్చింది. ఇసుక చాలక తులసి కోటలో మట్టి తవ్వి వేయించింది. నాతో మాట్లాడలేదు, కానీ మా మెట్లకి కూడా తనే చల్లింది.

కిందనుంచి ఎస్తేరమ్మ బయల్దేరింది. వేడి ఇసుక చల్లగానే అడుగు వెయ్యాలి, ఆలస్యమైతే మళ్లీ జారుడే. ఆవిడ ఒక మెట్టు ఎక్కడం, పై ఇంటివాళ్లు ఇంకో మంగలం కుమ్మరించడం. నేను గుమ్మంలో కూర్చుని ఒక చెవి ఇంట్లోకి, ఒక చెవి బయటికి పెట్టుకుని ఉన్నాను. లోపల మంగవేణి పళ్లు బిగబట్టి మూలుగుతోంది. మంచం పట్టె పట్టుకుందామంటే చేతులు జారిపోతున్నాయి. నొప్పి వచ్చినప్పుడు పట్టుకోవడానికి ఏదీ లేకపోవడం ఎంత నరకమో ఇవాళ చూశాను. నా చెయ్యి ఇస్తే నా చెయ్యి కూడా జారిపోయింది. చివరికి మోచేతులు రెండూ దాని చంకల కింద దూర్చి, వెనకనుంచి నా ఒంటితో అదిమి పట్టాను.

అప్పుడు వినపడింది, కరకర. కాలి కింద ఇసుక నలిగే చప్పుడు. చప్పుడంటే సిగ్గుపడే ఊళ్లో ఒక మనిషి కరకరలాడుతూ మెట్లెక్కుతోంది, ఒక్కరూ ముఖం చిట్లించలేదు. మధ్యలో ఒకసారి ఆగిపోయింది.  ఒక మెట్టు దగ్గర ఆవిడ పడి, రెండు మెట్లు కిందికి జారిందట. లేచింది. మళ్లీ కరకర.

ఎస్తేరమ్మ గుమ్మంలోకి వచ్చేసరికి అరికాళ్లు పొక్కిపోయి ఉన్నాయి. కూర్చోనివ్వలేదు నేను, పాపం. ఆవిడా కూర్చుంటానని అనలేదు. గుడ్డలు ఉడకబెట్టించింది, అట్లకాడ పొయ్యి మీద పెట్టించింది.

మధ్యాహ్నం దాటుతుండగా బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. ఎస్తేరమ్మ ఉడికిన గుడ్డతో అందుకుంది. పిల్లవైపు బొడ్డుకి ఉడికించిన దారం కట్టింది, ఆ ముడి నిలిచింది. తల్లివైపు బొడ్డు అప్పటికే మా చేతులు తగిలి నున్నబడింది, ముడి వేస్తుంటేనే జారిపోయింది. రెండోసారి కూడా జారింది. ఎస్తేరమ్మ చెయ్యి చాపింది. అట్లకాడ గౌరు అందించాడు, పిడికి ఉడికిన గుడ్డ చుట్టి. ఆవిడ దాంతోనే బొడ్డు కాల్చి తెంపితే సుయ్యిమంది. గదంతా కాలిన వాసన. రక్తం రాలేదు. ఆవిడ అలాగే చూస్తూ ఉండిపోయింది, మేమందరం కూడా. రాలేదు. పిల్ల అప్పుడు ఏడ్చింది.

గుడ్డలో చుట్టి పక్కన చాప మీద పడుకోబెట్టారు. మంగవేణికి కుట్లు అక్కర్లేకపోయింది. దేవుడికి దణ్ణం పెట్టాను. అరచేతులు కలవకుండా జారిపోయాయి, అయినా పెట్టినట్టే లెక్క.

అప్పుడు పిల్ల గుడ్డలోంచి చెయ్యి బయటికి తీసి, గుడ్డ అంచు పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు. ఎస్తేరమ్మ సరిచెయ్యాలని అంచు లాగితే పిల్ల చెయ్యి కూడా వచ్చింది. మేమంతా దాన్నే చూస్తూ కూర్చున్నాం. ఇన్నాళ్లుగా ఈ ఇంట్లో ఎవరూ దేన్నీ అలా పట్టుకోలేదు.

అమావాస్య

దీపావళి. అగ్గిపుల్ల ఎంత గీసినా వెలగలేదు. పొయ్యి తీగ ఎర్రబడ్డాక దాంతో ఒక్క దీపం వెలిగించుకున్నాం.

పిల్ల పొద్దుటినుంచీ పాలకి ఏడుస్తోంది. మంగవేణి పాలు గిన్నెలోకి పిండాలని చూసింది, వేళ్లు జారిపోయి చుక్క కూడా రాలేదు. ఎస్తేరమ్మ ఉడికించిన గుడ్డతో పిండి చూసింది, నాలుగు చుక్కలు. చెంచాతో పోస్తే పిల్ల మింగి ఇంకా గట్టిగా ఏడ్చింది. సుభద్రగారికి ఫోను చేశాను.  నిర్ణయం మీదేనమ్మా అన్నారు. ఎవరి నిర్ణయం, నాదా? నాకు చేతకాదు. నిన్న బండి ఆపగలిగాను, ఇవాళ ఏది ఆపాలో తెలియడం లేదు.

మంగవేణి గోడవైపు తిరిగి పడుకుంది.  గౌరు గుమ్మంలో కూర్చుని తల పట్టుకోవాలని చూసి మానుకున్నాడు. పిల్ల ఏడుపు సన్నబడింది. అది ఇంకా భయం.

మంగవేణి ఇటు తిరిగింది.

"దాన్నిలా తేయండి. పట్టుకోడానికి సేతులుండి, పట్టుకోడానికి అమ్మ లేకపోతే అదేటి బతుకు?"

 నేనే తీసుకెళ్లాను. గుడ్డ విప్పి, ఒళ్లు ఒంటికి ఆనేలా పడుకోబెట్టాను. పిల్ల కాసేపు వెతుక్కుంది, జారిపోయింది, మళ్లీ వెతుక్కుంది. చివరికి నోటికి దొరికించుకుంది. మంగవేణి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. గౌరు ఏడవలేదని చెప్పుకుంటున్నాడు.

ఇప్పుడు తల్లీపిల్లా నిద్రపోతున్నారు. నేను మంచం పక్కన నేల మీద కూర్చుని ఎడమ చేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే క్షమించాలి. కుడిచేతి వేలు పిల్ల పిడికిలిలో ఉంది. ఎప్పుడు పట్టుకుందో తెలియదు. లాగి చూడాలంటే భయంగా ఉంది.